రాజావారి చెయ్యి

మార్చి 2

ఇప్పుడే ఎందుకు మొదలుపెట్టానంటే, రేపటినుంచి ఆఫీసులో నేను రాసే ప్రతి వాక్యం ఒకే మనిషిని పొగడాలి. రోజంతా పొగిడి ఇంటికొచ్చాక నాకు నిజంగా ఏమనిపించిందో నాకే గుర్తుండదేమోనని భయం. అందుకని ఒక చోటన్నా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ఇది ఎవరికీ చూపించను.

రాజావారి స్మారక మందిరంలో ఉద్యోగం. అభిమానులు ఆయన్ని రాజావారు అంటారు. రాజ్యం ఏదీ లేదు, పాత సినిమాల్లో కిరీటం మాత్రం చాలాసార్లు పెట్టుకున్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కట్టుకున్న ఇంటినే ఇప్పుడు మ్యూజియంగా మారుస్తున్నారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన ప్రారంభం. గదిగదికీ పెట్టే పలకల మీది రాతలు, ఆరోజు పంచే జీవితచరిత్ర నేను రాయాలి. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. "మా పిల్ల పుస్తకం రాస్తోంది" అని అక్కడ డాక్టర్లతో సహా అందరికీ చెప్పేసిందట.

ఈరోజు ఇల్లంతా తిప్పి చూపించింది అల్లుడుగారు. రాజావారి కూతురి భర్త. మందిరం వ్యవహారమంతా ఆయనదే. గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. ఒక గాజుపెట్టెలో రాజావారి కట్టుడు పళ్ళు. ఇంకో పెట్టెలో ఆయన తాగి పడేసిన సిగరెట్ పీక, వెల్వెట్ గుడ్డ మీద. గోళ్ళు తీసుకునే కత్తెర కూడా ఉంది. దాని అంచున ఏదో పసుపుపచ్చగా అంటుకుని ఉంది. "తుడవొద్దమ్మా, ఒరిజినల్" అన్నారు అల్లుడుగారు.

చివరి హాల్లో మైనపు బొమ్మ. కుడిచెయ్యి చాచి కొట్టబోతున్న భంగిమ. ఆ చేతి కింద నేల మీద రెండు పాదముద్రలు గీశారు. జనం అక్కడ నిలబడి చెంప పెట్టి ఫొటో తీసుకోవాలి. స్టాఫ్ అంతా వరసలో నిలబడి ట్రయల్ చేశారు. టైపిస్టు కళ్ళు మూసుకుని పెదవులు వణికించింది. చప్పట్లు కొట్టారు. ఆ చెంపదెబ్బ చప్పుడు ఫోన్లో రింగ్‌టోన్‌గా కూడా ఇస్తారట.

ఆ సినిమా చూడనివాళ్ళు ఉండరు. రాజావారు ఎస్టేటు యజమాని. యజమానురాలి తప్పు కప్పిపుచ్చడానికి పనిపిల్ల ఆయనతో అబద్ధం చెబుతుంది. ఆయన చాచి కొడతాడు. కొట్టినందుకు కుమిలిపోయి ఏడుస్తాడు. హాలు హాలంతా ఆయన కోసం ఏడుస్తుంది. దెబ్బ తిన్న పిల్ల తలుపు వెనక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ సినిమాలో కనబడదు.

ఆ పనిపిల్ల మా అమ్మమ్మ.

ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

మార్చి 3

మొదటి పలక రాసిచ్చాను. "నటించారు" అన్న చోటల్లా కొట్టేసి "జీవించారు" అని పెట్టారు అల్లుడుగారు. "చనిపోయారు" అన్న చోట కూడా పొరపాటున అదే పెట్టబోయి ఆగారు.

మార్చి 5

సెలవు. అమ్మమ్మ పక్కన కూర్చున్నాను, కుడివైపు. మా ఇంట్లో అందరం కుడివైపే కూర్చుంటాం. ఎడమ చెవి చిన్నప్పుడు జ్వరంలో పోయింది ఆవిడకి. టైలరు షాపు నుంచి తెచ్చిన చొక్కాలకి గుండీలు కుడుతోంది.

మైనపు బొమ్మ సంగతి చెప్పాను. గుండీ వదిలేసి నవ్వింది.

"ముక్కు సరిగ్గా పెట్టారా? కాస్త పక్కకి ఉంటుంది ముక్కు."

"నిటారుగా పెట్టారు."

"అయితే ఆయన కాదు, వాళ్ళ బావమరిది."

అమ్మ గిన్నెలు కడుగుతూ వంటింట్లోంచి కేకేసింది: "అమ్మా, ఆయన చెయ్యి తగిలిందని చెప్పవే దీనికి. నాకు చెప్పినన్నిసార్లు చెప్పు."

"ఎంత మెత్తటి చెయ్యనుకున్నావు!" అంది అమ్మమ్మ. "దూదిలా ఉండేది. తగిలీ తగలనట్టు తాకించాడంతే. ఒక్కసారే. ఆయనంతా ఒక్క టేకే కదా."

రాజావారు "ఒక్క టేకు మనిషి" అని లోకమంతా అంటుంది. నా జీవితచరిత్రలో అదొక అధ్యాయం.

మార్చి 8

ఈ మాటలు రాయడానికి మధ్యాహ్నం నుంచి చెయ్యి రావడం లేదు. వరసగా రాస్తాను.

ఆ పాత సినిమాని శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు. ఇంటి వెనక కారు షెడ్డులో ఎడిటింగ్ గది. ఎడిటర్ నాకన్నా కొంచెం పెద్ద. ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. "రండి రచయిత్రిగారూ, మీ ఒక్క టేకు అధ్యాయానికి బొమ్మలు దొరికాయి" అన్నాడు. రాజావారి బీరువాలో కొన్ని రేకు డబ్బాలు ఉన్నాయట. సినిమాలో వాడకుండా వదిలేసిన ముక్కలు. మాట, చప్పుడు ఏమీ ఉండవు, బొమ్మ మాత్రమే.

క్లాప్ పలక కొట్టారు. మీద సుద్దతో ఒకటి అని ఉంది. పదహారేళ్ళ అమ్మమ్మ. జడ ముందుకి వేసుకుంది. అదే జడ, ఇంట్లో ఫొటోలో చూశాను. ఆయన చెయ్యి లేచింది, కొట్టింది. తల పక్కకి విరిగినట్టు తిరిగింది. దూది కాదు. ఆయన వెంటనే కెమెరా వైపు వచ్చి చెయ్యి చాపాడు. ఎవరో అద్దం పట్టుకున్నారు. నుదుటి మీది జుట్టు సరిచేసుకున్నాడు. కాదని తల ఊపాడు.

పలక. రెండు. కొట్టాడు. అద్దం. తల ఊపాడు.

అలా సాగింది. ప్రతిసారీ అద్దం. ఒకసారి పక్కనుంచి మొహం చూసుకున్నాడు, ముక్కు వేలితో నొక్కుకున్నాడు. ఒక్కసారి కూడా ఆ పిల్ల వైపు చూడలేదు. ఎన్ని టేకులో నేను లెక్కపెట్టలేదు.

మొదట్లో ఎడమవైపునుంచి ఎవరో పిలిస్తే ఆ పిల్ల ఎడమకి తిరిగేది. సర్దుకుని నిలబడేది. తర్వాత ఎప్పుడో పిలిస్తే కుడికి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. వెతుక్కుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వు కూడా వినబడదు కదా రీల్లో, పళ్ళు కనబడ్డాయి. ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకుని నొక్కింది. తీసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పలక పట్టారు.

జ్వరం కాదు.

"చివరికి సినిమాలో ఏది పెట్టారో తెలుసా?" అన్నాడు ఎడిటర్. "మొదటిదే. మిగతావన్నీ దండగ. అసలు మొదటిది కూడా అక్కర్లేదు. అప్పట్లో చప్పుళ్ళన్నీ తర్వాత వేరే గదిలో చేసేవాళ్ళు. మీరంతా రింగ్‌టోన్ పెట్టుకుంటున్నది చెప్పు దెబ్బ. తడిపిన తోలు మీద చెప్పుతో కొట్టి రికార్డు చేశారు. చెయ్యి గాల్లో ఆపి, పిల్ల తల తిప్పితే చాలు. అందరూ అలాగే చేసేవాళ్ళు."

"మరి ఈయనెందుకు కొట్టాడు?"

"జీవించాడు" అన్నాడు నములుతూ.

బయటికొచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. వాచ్‌మన్ నీళ్ళిచ్చి, "పెయింట్ వాసనమ్మా, అందరికీ అలాగే ఉంది" అన్నాడు.

మార్చి 9

ఒక్క టేకు అధ్యాయం కాగితాలు తీసి, మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

మార్చి 10

ఆయన్ని ఇంకా అసహ్యించుకోవాలని ఇంకో సినిమా చూశాను. చూపు పోతున్న పోస్టుమాన్ వేషం. ఉత్తరం ఎవరిదో చదవలేక, వాసన చూసి, కాగితం బరువు చూసి పంచుతాడు. ఎక్కడా ఎక్కువ చెయ్యలేదు. తలుపు తట్టి, తెరిచింది ఎవరో పోల్చుకోలేక నవ్వే చోట నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆపుకోలేకపోయాను.

నాటకాల కంపెనీలో తెరలు మోసి, తొలి సినిమాలో శవంగా పడుకుని, అక్కడినుంచి ఇంతవాడైన మనిషి. నటించడం రానివాడైతే బావుండేది. ఇంత బాగా చేసేవాడికి ఒక పిల్ల చెవి ఎందుకు కావాల్సివచ్చింది? ఏడ్చిన కళ్ళని సబ్బుతో కడుక్కున్నాను.

మార్చి 11

అల్లుడుగారికి చెప్పాను. ఆ పిల్ల మా అమ్మమ్మ అని, ఒక్క టేకు కాదని, చెవి పోయిందని. వరసగా, రాసుకున్న కాగితం చూసి చెప్పాను.

మొదటి మాట తర్వాత ఆయన ఏమీ విన్నట్టు లేదు. కుర్చీలోంచి లేచారు.

"బతికే ఉన్నారా! ఇంతకాలం దాచావేంటమ్మా? ఇరవై ఎనిమిదిన స్టేజీ మీదికి తీసుకొద్దాం. మా అబ్బాయి చెయ్యెత్తుతాడు, ఆవిడ చెంప పెడతారు, ఆ పోజులో లైట్లన్నీ ఆపేద్దాం. పేపర్లన్నీ మొదటి పేజీలో వేస్తాయి."

వాళ్ళబ్బాయి అంటే రాజావారి మనవడు. అతని మొదటి సినిమా వచ్చే నెల విడుదల.

"చెవి సంగతి..." అన్నాను.

"అదిప్పుడెందుకు తల్లీ? శుభమా అని ప్రారంభం పెట్టుకుంటే. దెబ్బ తగలదులే, మా వాడు బంగారం."

"ఒక్క టేకు అని రాయడం అబద్ధం కదండీ?"

"వాడింది మొదటి టేకే కదా? అబద్ధం ఎక్కడుంది?" నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. తర్వాత మెల్లగా, "నీ ఉద్యోగం మూణ్ణెల్లకే అనుకున్నాం. పర్మనెంటు చేద్దామని మా ఆవిడ అంటోంది" అన్నారు.

ఆలోచిస్తానన్నాను. ఆలోచిస్తానంటే కాదన్నట్టే కదా.

మార్చి 12

పర్మనెంటు అయితే అమ్మ దుప్పట్లు ఉతకడం మానెయ్యవచ్చు. వేళ్ళ సందుల్లో చర్మం ఊడి వస్తోంది. నేను ఆలోచిస్తున్నది అమ్మ చేతుల గురించే.

మార్చి 13

"రాజావారు ఒకే ఒక్క టేకులో ఆ సన్నివేశంలో జీవించారు." ఇది నేనే రాశాను. నా చేతిరాతే.

మార్చి 14

నేను ఆఫీసులో ఉండగా అల్లుడుగారు కారేసుకుని మా ఇంటికి వెళ్ళారు. పూలగుత్తి, స్వీట్లు. అమ్మమ్మ ఒప్పుకుందట. ఇంటికి వచ్చేసరికి స్వీట్ల పెట్టె సగం ఖాళీ. మా సందులో పిల్లలంతా మూతులు తుడుచుకుంటున్నారు.

అమ్మ మొహం వెలిగిపోతోంది. "ఆ మహానుభావుడు మన కుర్చీలో కూర్చున్నాడే! కుర్చీ కాలు ఊగుతుంటే కూడా ఏమీ అనలేదు."

"అమ్మా, వాళ్ళు అమ్మమ్మని జనం ముందు నిలబెట్టి కొట్టినట్టు చూపిస్తారు."

"చూపించడమేగా, కొట్టరుగా. నీకు ఇష్టం లేకపోతే నువ్వు కళ్ళు మూసుకో. చదువుకున్నావు కదా అని ప్రతిదాంట్లో పురుగు వెతకకు."

"అమ్మమ్మ చెవి..."

"చెవి జ్వరంతో పోయింది." అమ్మకి నిజంగా తెలియదు.

అమ్మమ్మ లోపలి గదిలో అద్దం ముందు నిలబడి ఉంది. ఎడమ చెంప అద్దానికి చూపిస్తోంది. "ఎడమ చెంపేగా సీను. ఎడమే ఇవ్వాలి" అంది. నాతోనో, అద్దంతోనో.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాను.

మార్చి 17

అమ్మ డ్యూటీకి వెళ్ళాక అడిగాను.

"అమ్మమ్మా, చెవి ఎప్పుడు పోయింది?"

"చెప్పాగా, చిన్నప్పుడు జ్వరం..."

"నేను ఆ రీలు చూశాను. వాడకుండా వదిలేసినవి."

సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "ఎన్నిసార్లు ఉంది అందులో?"

"లెక్కపెట్టలేదు."

"నేనూ పెట్టలేదు." కుట్టిన గుండీ గట్టిగా ఉందో లేదో లాగి చూస్తూ, "ఇంట్లో చెవి పోయిందంటే మా నాన్న మళ్ళీ పనికి పంపడు. జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాను. చెప్పగా చెప్పగా అదే నిజమైపోయింది. మీ అమ్మకి కూడా అదే చెప్పాను."

"మరి మెత్తటి చెయ్యి అంటావేంటి?"

"మెత్తదేనే. పని చెయ్యని చెయ్యి. మెత్తటి చెయ్యయితే తగలదా?" చొక్కా మీద ముడతలు సాపు చేస్తూ కూర్చుంది. "దెబ్బ సంగతి వదిలెయ్. ప్రతిసారీ ఆయన అద్దం అడిగేవాడు. నా మొహం ఎలా ఉందో నేనూ ఒకసారి చూసుకుంటే బావుండుననిపించేది. వాపు వచ్చిందో లేదో. ఎవరూ ఇవ్వలేదు. అడగడానికి నోరు రాలేదు."

"ఇంత తెలిసీ ఎందుకు వెళ్తానన్నావు? ఆ ఇంట్లో ఆయన పళ్ళకి కూడా పలక ఉంది. నీకు లేదు."

"అదేగా మరి" అంది. "ఆ సినిమాలో గుర్రం పేరు వేశారు. నా పేరు వెయ్యలేదు. షూటింగులో ‘ఏయ్ పిల్లా’ అన్నారు, అంతే. ఎవరికైనా ఆ పిల్లని నేనే అంటే నమ్మేవాళ్ళు కాదు. మీ తాతయ్యే నమ్మలేదు చచ్చేదాకా. అల్లుడుగారు ఏమన్నాడో తెలుసా? స్టేజీ మీద మైకులో పేరు పెట్టి పిలుస్తానన్నాడు. ఇంటిపేరుతో సహా."

ఆవిడ కళ్ళలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. ఏదో పాచిపోయినది నోట్లో ఉన్నట్టు అనిపించింది. మింగలేను, ఉమ్మలేను.

మార్చి 19

రిహార్సల్.

అమ్మమ్మని కారు పంపి తీసుకొచ్చారు. అమ్మ సెలవు పెట్టి వచ్చింది. అమ్మమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది, జుట్టుకి నూనె రాసి దువ్వింది. స్టేజీ మీద ఎస్టేటు బంగళా సెట్టు వేశారు. మనవడు మంచిగానే మాట్లాడాడు. "అమ్మమ్మగారూ, భయపడకండి, చెయ్యి ఇక్కడే ఆపేస్తాను" అన్నాడు. అమ్మమ్మకి ఎడమవైపు నిలబడి అన్నాడు. ఆవిడ నవ్వింది. వినబడలేదని నాకు తెలుసు.

మైకు పట్టుకున్నతను మొదలుపెట్టాడు. "ఇప్పుడు మీ ముందుకి... ఆ చెయ్యి తగిలిన చెంప! రాజావారి దెబ్బ తిన్న అదృష్టవంతురాలు!"

లైటు పడింది. మనవడు చెయ్యెత్తాడు.

అమ్మమ్మ చటుక్కున వంగిపోయింది. రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు ముడిచి, సెట్టు గుమ్మం పక్కన ముద్దలా కూర్చుండిపోయింది. అరవై ఏళ్ళు ఆ ఒళ్ళు ఆ భయాన్ని ఎక్కడ దాచుకుందో.

హాల్లో వాళ్ళు నవ్వారు. పళ్ళు కనబడ్డాయి, ఈసారి చప్పుడు కూడా వినబడింది. అల్లుడుగారు ముందు వరసలోంచి లేచి, "సూపర్! అదే ఉంచండి, అలాగే ముడుచుకోవాలి! ఇంకోసారి!" అన్నారు.

ఇంకోసారి అన్నారు.

నేను స్టేజీ ఎక్కి అమ్మమ్మని లేపాను. "రిహార్సల్ ఇంకా అవలేదమ్మా" అని ఎవరో అన్నారు. అయిపోయిందన్నాను. మనవడు పక్కకి జరిగి దారిచ్చాడు. తన అరచెయ్యి వైపే చూసుకుంటున్నాడు.

వాళ్ళ కారు ఎక్కలేదు. బస్సులో వచ్చాం. అమ్మ వెనక సీట్లో కూర్చుంది. రాజావారి పోస్టర్లు కిటికీ పక్కనుంచి ఒకటొకటిగా వెళ్తున్నాయి. అమ్మమ్మ ఒక్కో పోస్టరునీ తల తిప్పి చూసింది. తర్వాత నా చెయ్యి గిల్లి అడిగింది:

"పేరు చెప్పాడా? చెప్పాడు గానీ నాకు వినబడలేదా, లేక చెప్పలేదా?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"చెప్పలేదు అమ్మమ్మా."

"ఊఁ" అంది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది, నూనె కారిందన్నట్టు.

మార్చి 20

పొద్దున్నే అమ్మమ్మ గుండీల సంచి తియ్యలేదు. మంచం మీద కూర్చుని ఉంది.

"ఇక వెళ్ళక్కర్లేదులే" అన్నాను.

"ఎందుకు వెళ్ళను? నేను ముసుగేసుకుని ఇంట్లో కూర్చోవాలా? తప్పు చేసింది నేనా?" గొంతు గట్టిగా లేచింది. "పిలిస్తే వెళ్తాను. పేరు పెట్టి పిలిస్తే. చెయ్యెత్తితే వెళ్ళను. ఆ మాట వాళ్ళకి రాయి."

"నేను చెప్తాను వెళ్ళి."

"చెప్తే ఆయన వినడు, చూశావుగా. నాది ఒక చెవి పోయింది, ఆయనకి రెండూ లేవు. రాయి. నిన్నెందుకు చదివించాం, గుండీలు కుట్టడానికా?"

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చెవి సంగతి తనకి ముందే తెలుసు. నిన్న రాత్రి అమ్మమ్మే చెప్పిందట. "ఉద్యోగం పోతుంది" అంది. నేను అవునన్నాను. అమ్మ సంచి భుజాన వేసుకుంది. డ్యూటీకి వెళ్ళిపోయింది. కోపమో, ఏడుపో, వెనకనుంచి తెలియలేదు.

నేను ఆలోచిస్తానన్నప్పుడు కాదన్నట్టు కాదు. ఎంత ఇస్తారో చూద్దామనే అన్నాను. అమ్మ చేతుల పేరు చెప్పుకున్నాను. ఇది కూడా ఇక్కడ ఉండాలి.

అల్లుడుగారికి పంపిన ఉత్తరం ఇది. ఒక ప్రతి ఇక్కడ రాసుకుంటున్నాను.

అల్లుడుగారికి నమస్కారం.

చివరి హాల్లో పెట్టే పలకకి నేను ఇంతకుముందు ఇచ్చిన వాక్యం అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇది రాయండి:

"ఈ సన్నివేశంలో పనిపిల్లగా నటించినవారు..." (ఇక్కడ అమ్మమ్మ పేరు రాశాను, ఇంటిపేరుతో సహా) "అప్పటికి ఆమె వయసు పదహారు. రాజావారు తన రూపం తృప్తిగా రాలేదని ఆమెను చాలాసార్లు నిజంగా కొట్టారు. ఆ దెబ్బలకు ఆమె ఎడమ చెవి వినికిడి పోయింది. సినిమాలో వాడింది మొదటి టేకు. చప్పుడు తర్వాత విడిగా చేర్చినది."

ప్రారంభం రోజున పేరు పెట్టి పిలిస్తే ఆమె వస్తారు. కుర్చీలో కూర్చుని, తనకు చెప్పాలనిపించింది చెబుతారు. ఆమె మీద ఎవరూ చెయ్యెత్తకూడదు, ఆటకైనా. పలక ఇలా రాయకపోతే ఆమె రారు. ఆమె ఫొటో గానీ పేరు గానీ మీరు వాడటానికి వీల్లేదు. జీవితచరిత్ర నుంచి నా పేరు కూడా తీసెయ్యండి. ఒక్క టేకు అధ్యాయం తప్ప మిగతావి పూర్తిచేసి బల్ల మీద పెట్టాను. పోస్టుమాన్ వేషం గురించి రాసింది మాత్రం మనస్ఫూర్తిగా రాశాను, దాన్ని మార్చకండి.

రీళ్ళు మీ దగ్గరే ఉన్నాయి. మీరు చూడలేదని నాకు తెలుసు. ఒక్కసారి కూర్చుని చూడండి, మీ ఆవిడతో, అబ్బాయితో కలిసి.

ఫోన్ చెయ్యకండి, కారు పంపకండి. మీ జవాబు, అవునైనా కాదైనా, మీ సంతకంతో కాగితం మీద ఇరవై నాలుగో తేదీ సాయంత్రంలోగా మా ఇంటికి చేరాలి.